ఇల్లు పోయిన కథ చూస్తే ఓటు మారుతుందా?

ఈ నెల మాకు అందిన ఉత్తరాల్లో మూడు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. 2008లో అమెరికాలో ఇళ్ల మార్కెట్ కుప్పకూలిన ఉదంతం మీద వచ్చిన సినిమాలు ఓటీటీల పుణ్యమా అని ఇప్పుడు హైదరాబాద్ ఇళ్లలోకి వచ్చాయి. వాటిని చూసినవారి మాటతీరులో, రాజకీయ వాదనల్లో కనిపించిన మార్పు ఈ ముగ్గురు పాఠకులనూ ఆలోచనలో పడేసింది. అందుకే ఈసారి శీర్షిక మొత్తాన్ని వారికే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: నేను ప్రభుత్వ రంగ బ్యాంకులో ముప్పై నాలుగేళ్లు పనిచేశాను. చివరి పదేళ్లు గృహరుణాల విభాగంలోనే గడిచాయి. మా అబ్బాయి, కోడలు మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తున్నారు. దసరా సెలవుల్లో ఇద్దరూ కూర్చుని ‘ది బిగ్ షార్ట్’ చూశారు. అప్పటి నుంచి మావాడు బ్యాంకులన్నీ ప్రభుత్వం చేతిలోనే ఉండాలనీ, ప్రైవేటీకరణ అనే పార్టీకి ఇక ఓటు వేయననీ అంటున్నాడు. కోడలేమో, మునిగిపోతున్న బ్యాంకులను ప్రజల సొమ్ముతో లేవనెత్తడం ఏమి న్యాయమనీ, ప్రభుత్వం వీటిలో వేలు పెట్టకుండా ఉంటేనే మేలనీ అంటోంది. పక్కపక్కన కూర్చుని ఒకే సినిమా చూసిన ఇద్దరికి రెండు రాజకీయాలు ఎలా పుట్టాయి? సినిమా అభిప్రాయాన్ని నిజంగా మారుస్తుందా?
– ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, నల్లకుంట

జవాబు: అయ్యా, మీ అబ్బాయి మాట, మీ కోడలి మాట రెండూ ఆ సినిమా కంటే పాతవి. 2008 సెప్టెంబరు 15న లేమాన్ బ్రదర్స్ అనే పెట్టుబడి బ్యాంకు దివాలా పిటిషన్ వేసింది. మరునాడే ఏఐజీ అనే బీమా సంస్థను నిలబెట్టడానికి అమెరికా కేంద్ర బ్యాంకు 8,500 కోట్ల డాలర్లు సమకూర్చింది. ఆ తరువాత బ్యాంకులను ఆదుకోవడానికి 70,000 కోట్ల డాలర్ల పథకాన్ని ప్రభుత్వం చట్టసభ ముందు పెడితే, సెప్టెంబరు 29న ప్రతినిధుల సభ దాన్ని తిరస్కరించింది. వ్యతిరేకంగా ఓటు వేసినవారిలో రెండు పార్టీలవారూ ఉన్నారు. ప్రభుత్వం మార్కెట్‌లోకి రాకూడదన్న వారు కొందరైతే, ఇల్లు పోగొట్టుకున్నవాడిని వదిలేసి ఇల్లు పోగొట్టిన బ్యాంకును ఆదుకుంటారా అని నిలదీసినవారు మరికొందరు. నాలుగు రోజుల తరువాత, అక్టోబరు 3న, కొన్ని మార్పులతో అదే పథకం చట్టమైంది. 2009లో మొదలైన టీ పార్టీ ఉద్యమమూ, 2011 సెప్టెంబరులో న్యూయార్క్‌లోని ఒక చిన్న పార్కులో గుడారాలు వేసిన ఆక్యుపై ఉద్యమమూ ఈ ఒక్క కోపంలోంచే పుట్టి, ఒకటి కుడివైపుకూ మరొకటి ఎడమవైపుకూ నడిచాయి. మీ ఇంట్లో సోఫా మీద జరిగింది కూడా ఇదే.

ఇక సినిమా దగ్గరకు వద్దాం. 2015లో వచ్చిన ఆ చిత్రం తీసినవారు తమ రాజకీయాన్ని దాచుకోలేదు. 2016లో ఆస్కార్ అందుకుంటున్నప్పుడు దర్శకుడు ఆడమ్ మెకే, పెద్ద బ్యాంకుల నుంచీ చమురు సంస్థల నుంచీ డబ్బు తీసుకునే అభ్యర్థులకు ఓటు వేయవద్దని వేదిక మీదే చెప్పాడు. అయినా ఆ సినిమాలోని రెండు దృశ్యాలను దగ్గరగా చూడండి. ఒకదానిలో, బాండ్లు ఎంత భద్రమో మార్కులు వేసే రేటింగ్ సంస్థలో పనిచేసే ఒక అధికారిణి కళ్లకు నల్లటి అద్దాలు పెట్టుకుని కూర్చుని ఉంటుంది. ఇళ్ల అప్పులను కలిపి కట్టిన చచ్చు బాండ్లకు అత్యుత్తమ రేటింగ్ ఎందుకిచ్చారని అడిగితే, మేమివ్వకపోతే బ్యాంకులు పక్క వీధిలోని మరో రేటింగ్ సంస్థకు పోతాయని ఒప్పేసుకుంటుంది. ఇంకొకదానిలో, మార్కెట్‌ను కాపలా కాయవలసిన ప్రభుత్వ సంస్థలో ఉద్యోగం చేసే ఒక యువతి లాస్ వేగాస్ హోటల్లో ఈతకొలను పక్కన, తాను కాపలా కాయవలసిన బ్యాంకుల్లోనే ఉద్యోగం వెతుక్కుంటూ ఉంటుంది. మీ అబ్బాయి మనసులో మొదటి దృశ్యం నిలిచి ఉంటుంది, కోడలి మనసులో రెండవది. డబ్బు కోసం లెక్క మార్చిన ప్రైవేటు సంస్థ ఒకరికి కనిపించింది, కంచే చేను మేసిన ప్రభుత్వం మరొకరికి కనిపించింది. సినిమాలో రెండూ ఉన్నాయి. ఏది మోసుకుని ఇంటికి పోవాలన్నది మాత్రం ప్రేక్షకుడు తలుపు దగ్గరే నిర్ణయించుకుని వస్తాడు.

నిజానికి ఆ దేశమే ఈ విషయంలో ఒక్క మాట మీదకు రాలేదు. కారణాలు తేల్చడానికి పదిమందితో వేసిన విచారణ సంఘం 2011 జనవరిలో నివేదిక ఇచ్చినప్పుడు, ఆరుగురు ఒక మాటా, ముగ్గురు ఇంకొక మాటా, మిగిలిన ఒక్కరు వేరొక మాటా రాశారు. నియంత్రణ సడలడం వల్ల, సంస్థల దురాశ వల్ల వచ్చిన ఈ విపత్తును ఆపగలిగి ఉండేవారమన్నది ఆరుగురి మాట. ఇది ప్రపంచమంతటా ఉబ్బిన అప్పుల బుడగ, కారణాలు అనేకం అన్నది ముగ్గురి మాట. అందరికీ ఇల్లు ఉండాలన్న ప్రభుత్వ గృహవిధానమే మూలకారణమన్నది ఒక్కరి మాట. మనం చూసే సినిమాలన్నీ దాదాపుగా ఆ ఆరుగురి కథనే చెబుతాయి. అది తప్పుడు కథ అని నేననడం లేదు, నాకు కూడా ఎక్కువ భాగం అదే సరైనదనిపిస్తుంది. కానీ మిగతా నలుగురి కథ తెరకెక్కలేదన్న సంగతి తెలియకుండా ఏర్పడిన అభిప్రాయం, ఒక పక్షం సాక్షులను మాత్రమే విని రాసిన తీర్పు లాంటిది.

సినిమా అభిప్రాయాన్ని మారుస్తుందా అని అడిగారు. కెనడీ హత్య మీద 1991లో వచ్చిన హాలీవుడ్ చిత్రానికి వెళుతున్నవారినీ, చూసి బయటికి వస్తున్నవారినీ ప్రశ్నించి పోల్చిన ఒక అధ్యయనం 1995లో వెలువడింది. బయటికి వస్తున్నవారిలో కోపం పెరిగింది, కుట్ర జరిగిందన్న నమ్మకం పెరిగింది. అయితే వారి సాధారణ రాజకీయ అభిప్రాయాలు అంతగా కదలలేదు. కదిలింది మరొకటి: ఓటు వేయాలన్న, రాజకీయాల్లో పాలుపంచుకోవాలన్న ఉద్దేశం తగ్గింది. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఈ చివరి మాటే. ఇళ్ల పతనం మీద వచ్చిన సినిమాలు చూశాక ‘అందరూ దొంగలే, మనం చేయగలిగింది ఏముంది’ అనే వారిని నేను ఎందరినో చూశాను. మీ అబ్బాయి, కోడలు భోజనాల దగ్గర వాదించుకుంటున్నారంటే వారికి ఆ జబ్బు అంటలేదన్నమాట. వారిని వాదించుకోనివ్వండి.

మరొక ఉదాహరణ కూడా చెప్పాలి, లేకపోతే నా జవాబు ఒకవైపే మొగ్గుతుంది. 2010లో వచ్చిన ‘ఇన్‌సైడ్ జాబ్’ అనే డాక్యుమెంటరీ, పేరున్న ఆర్థికశాస్త్ర ఆచార్యులు ఆర్థిక సంస్థల దగ్గర డబ్బు తీసుకుంటూ, ఆ సంగతి చెప్పకుండానే వాటికి అనుకూలంగా రాశారని చూపించింది. కెమెరా ముందు ఆ ఆచార్యులు మాట తడబడి, చిరాకు పడిన క్షణాలు చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఆ చిత్రం రేపిన చర్చ తరువాత, 2012లో, అమెరికా ఆర్థికవేత్తల సంఘం తన పత్రికల్లో రాసేవారు తమకు డబ్బిచ్చిన సంస్థల పేర్లు వెల్లడించాలన్న నియమం తెచ్చింది. సినిమా లక్షలమంది ఓటు మార్చిందో లేదో గానీ, ఒక వృత్తిలోని కొన్ని వేలమందిని సిగ్గుపడేలా చేసి ఒక నియమాన్ని మార్చింది. నా దృష్టిలో ఇది చిన్న విషయం కాదు.

చివరగా, ఈ వాదనలో మీరు ప్రేక్షకులుగా మిగిలిపోవద్దని కోరుతున్నాను. మీ ఇంట్లో గృహరుణం అంటే ఏమిటో చేతులతో తెలిసినవారు మీరొక్కరే. 2003 జూన్ నుంచి ఏడాది పాటు అమెరికాలో కీలక వడ్డీ రేటు ఒక్క శాతం దగ్గర ఉండి, 2006 జూన్ నాటికి 5.25 శాతానికి చేరిందనీ, మారే వడ్డీకి అప్పు తీసుకున్నవారి కంతు ఆ మేరకు పెరిగిందనీ వారికి చెప్పండి. అక్కడ అప్పు ఇప్పించిన ఏజెంటు కమీషన్ తీసుకుని పక్కకు తప్పుకున్నాడు, అప్పు ఇచ్చిన సంస్థ దాన్ని మరొకరికి అమ్మి చేతులు దులుపుకుంది, కొన్నవాడు అలాంటి వేల అప్పులను కలిపి బాండ్లుగా కట్టి ఇంకొకరికి అంటగట్టాడు. అప్పు తీరుతుందా లేదా అన్న బెంగ ఎవరికీ లేదు కాబట్టే ఆదాయం రుజువు కూడా అడగని అప్పులు పుట్టుకొచ్చాయి. మన దగ్గర బ్యాంకు ఇచ్చిన గృహరుణం చాలావరకు ఆ బ్యాంకు పుస్తకాల్లోనే ఉంటుంది. అందుకే మీ కౌంటరు ముందు మనిషి జీతం స్లిప్పులు, ఫారం 16, ఈసీ, లింకు డాక్యుమెంట్లు, లీగల్ ఒపీనియన్ పట్టుకుని మూడు సార్లు తిరగవలసి వచ్చేది. మీరు విసిగించారని అప్పట్లో తిట్టుకున్నవారే ఎక్కువ.

ఇందులోనే నాకు ఒక భయం కూడా ఉంది. ఆ సినిమాలు చూసిన మన నగరవాసి బ్యాంకును అనుమానంగా చూడడం నేర్చుకుంటున్నాడు. మంచిదే. కానీ హైదరాబాద్‌లో మధ్యతరగతి డబ్బు మునిగిన దారి ఎక్కువగా బ్యాంకు గుండా పోలేదు. రెరా నంబరు రాకముందే, అనుమతులు లేని స్థలంలో, ‘ప్రీలాంచ్ ఆఫర్’ అన్న మాట నమ్మి బిల్డరు చేతికి ఒకేసారి మొత్తం డబ్బు కట్టినవారు ఏళ్ల తరబడి ఖాళీ స్థలం చుట్టూ తిరుగుతున్నారు. బ్యాంకు అప్పు ఇవ్వనన్న ప్రాజెక్టులో సొంత డబ్బు పెట్టడం ఎంత ప్రమాదమో చెప్పే సినిమా అమెరికా నుంచి రాదు. అక్కడి కథలో దొంగ దూరిన తలుపునే మనమిక్కడ కాపలా కాస్తే, మన ఇంటి దొడ్డిదారి తెరిచే ఉంటుంది. మీ పిల్లలకు ఈ మాట మీరు చెబితేనే చెల్లుతుంది.

ప్రశ్న: నేను దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక డిగ్రీ కళాశాలలో ఆర్థికశాస్త్రం బోధిస్తాను. 2008 సంక్షోభం పాఠానికి తోడుగా విద్యార్థులకు ఒక సినిమా చూపించాలనుకుంటున్నాను. ‘99 హోమ్స్’, ‘మార్జిన్ కాల్’ నా దగ్గర ఉన్నాయి. ఏది చూపితే మంచిది? సినిమా పేరుతో నా రాజకీయాన్ని పిల్లల మీద రుద్దినట్టవుతుందేమోనన్న సందేహం కూడా ఉంది.
– ఒక అధ్యాపకురాలు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: అమ్మా, మీ సందేహమే మిమ్మల్ని మంచి అధ్యాపకురాలిని చేస్తోంది. వీలైతే రెండూ చూపించండి. ఒక్కటే చూపితే, మీరు ఒక్క మాట మాట్లాడకపోయినా కెమెరా మీ తరఫున మాట్లాడేస్తుంది.

‘99 హోమ్స్’ కథ ఫ్లోరిడాలోని ఓర్లాండోలో నడుస్తుంది. ఇళ్లు ఖాళీ చేయించే ఒక ఇళ్ల బ్రోకరుతో కలిసి పోలీసులు తలుపు కొడతారు. ఈ ఇల్లు ఇక మీది కాదు, బ్యాంకుది, మీరు ఇక్కడ ఉండడమే చట్టవిరుద్ధం అంటారు. ముఖ్యమైనవి తీసుకోవడానికి కొద్ది నిమిషాలు ఇస్తారు. తల్లి, కొడుకు, మనవడు చేతికందినవి పట్టుకుని బయటికి వస్తే, మిగిలిన సామాను మనుషులు మోసుకొచ్చి ఇంటి ముందు గడ్డి మీద పడేస్తారు. పరుపులు, బొమ్మలు, గిన్నెలు ఎండలో పడి ఉంటే ఇరుగుపొరుగు చూస్తూ ఉంటారు. సామాను బజారున పడడం అన్న మాట మన భాషలో ఎంత అవమానమో మీ విద్యార్థులకు ఎవరూ చెప్పనక్కర్లేదు. దీనికి పూర్తిగా ఎదురుగా ఉంటుంది ‘మార్జిన్ కాల్’. అందులో ఒక పెట్టుబడి బ్యాంకు అద్దాల భవనంలో ఒక రాత్రి, ఒక పగలు గడుస్తాయి. ఇల్లు పోగొట్టుకున్నవాడు ఒక్కడు కూడా కనిపించడు. విలువలేని బాండ్లను తెల్లవారగానే ఎవరో ఒకరికి అమ్మేయాలా వద్దా అని నలిగిపోయే ఉద్యోగులు కనిపిస్తారు, సినిమా పూర్తయ్యేసరికి వారి మీద మనకు జాలి కూడా కలుగుతుంది. పతనం ఒక్కటే, కెమెరా నిలబెట్టిన చోటు వేరు, కాబట్టి జాలి పడే మనిషి కూడా వేరు.

ఈ విషయం మీద రాజకీయశాస్త్రంలో ఒక ముఖ్యమైన పని జరిగింది. శాంతో అయ్యంగార్ అనే పరిశోధకుడు టీవీ వార్తల మీద చేసిన ప్రయోగాలను 1991లో పుస్తకంగా ప్రచురించాడు. పేదరికం గురించిన వార్తను ఒక మనిషి కథగా చూపినప్పుడు, చూసినవారు ఆ పేదవాడి మీదే బాధ్యత పెట్టడానికి ఎక్కువగా మొగ్గారు. అదే పేదరికాన్ని దేశమంతటి పరిస్థితిగా, విధానాల ఫలితంగా చూపినప్పుడు సమాజం మీదా ప్రభుత్వం మీదా పెట్టారు. వార్తకూ కథాచిత్రానికీ తేడా ఉంది; ‘99 హోమ్స్’ చూసి ఆ కుటుంబాన్ని తప్పుపట్టేవారు తక్కువే. కానీ వారి కోపం తమ కంటికి కనిపించే ఇళ్ల బ్రోకరు మీదకు పోతుంది. వడ్డీ రేట్లు, రేటింగులు, చట్టం మార్పులు ఆ గడ్డి మీద కనిపించవు కాబట్టి తప్పించుకుంటాయి.

కాబట్టి నా సలహా ఇది. సినిమాకు ముందే విద్యార్థుల చేత ఒక కాగితం మీద, ఈ సంక్షోభానికి ఎవరు బాధ్యులని అనుకుంటున్నారో రాయించి మీ దగ్గర ఉంచుకోండి. మొదటి సినిమా అయ్యాక మళ్లీ రాయించండి. రెండవది అయ్యాక మరొకసారి, పదిహేను రోజుల తరువాత చివరిసారి రాయించండి. నాలుగు కాగితాలు పక్కపక్కన పెట్టి చూసుకుంటే, తమ అభిప్రాయం ఎక్కడ కదిలిందో, ఎక్కడ తిరిగి పాత చోటికే వచ్చిందో వారికే తెలుస్తుంది. మీరు ఏ పక్షమూ తీసుకోవలసిన పని ఉండదు.

సినిమా చూపిన మరునాడు ఒక తెలుగు దినపత్రిక తీసుకెళ్లండి. లోపలి పేజీల్లో ‘స్వాధీన ప్రకటన’ అన్న శీర్షికతో చిన్న అక్షరాల్లో పట్టికలు ఉంటాయి. 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద అప్పు మొండిబాకీగా తేలాక బ్యాంకు అరవై రోజుల నోటీసు ఇస్తుంది, అప్పటికీ కట్టకపోతే ఆస్తిని స్వాధీనం చేసుకుని ఈ ప్రకటన వేయిస్తుంది. రుణగ్రహీత పేరు, జామీనుదారు పేరు, బాకీ మొత్తం, ఫ్లాటు నంబరు, చదరపు అడుగులు, నాలుగు హద్దులు అన్నీ అందులో అచ్చవుతాయి. తూర్పున పొరుగువారి ఇల్లు, పడమర ముప్పై అడుగుల రోడ్డు అన్న ఆ వరుసల్లో ఒక కుటుంబం ఉంటుంది. ఓర్లాండో కుటుంబానికి కన్నీరు పెట్టిన పిల్లలు ఆ పట్టికను ఎన్నిసార్లు తిరగేసి ఉంటారో అడగండి. ఒక తేడా కూడా చెప్పండి: కాలిఫోర్నియా లాంటి కొన్ని రాష్ట్రాల్లో ఇల్లు కొనడానికి తీసుకున్న అప్పుకు ఇల్లు వదిలేస్తే చాలావరకు బాకీ తీరినట్టే, మన దగ్గర ఇల్లు వేలం వేశాక కూడా తగ్గిన మొత్తానికి అప్పు తీసుకున్నవాడే పూచీ.

ఇంకొక సంగతి పాఠంలో తప్పక చేర్చండి, ఎందుకంటే దాని మీద సినిమా రాలేదు, బహుశా రాదు కూడా. ఆ బుడగ ఉబ్బుతున్న కాలంలో, 2003 నుంచి 2008 వరకు, మన రిజర్వు బ్యాంకు గవర్నరుగా ఉన్నవారు తెలుగువారైన యాగా వేణుగోపాల్ రెడ్డి. వాణిజ్య స్థిరాస్తి రుణాలకు బ్యాంకులు పక్కన పెట్టవలసిన మూలధనాన్ని ఆయన పెంచారు; దానికి లెక్కగట్టే రిస్క్ వెయిట్ 2005లో 100 శాతం నుంచి 125కు, 2006లో 150కు చేరింది. ఆ రోజుల్లో అభివృద్ధికి అడ్డుపడుతున్నారని ఆయనను విమర్శించినవారు తక్కువేమీ కాదు. జరగబోయే ప్రమాదాన్ని ముందే ఆపితే తెర మీద చూపడానికి ఏమీ మిగలదు: ఇల్లు కూలదు, సామాను వీధిన పడదు, ఒక సర్క్యులర్ మాత్రం ఫైలులో ఉంటుంది. కూలిన కథలను మాత్రమే చూసి పెరిగిన ప్రేక్షకుడికి, ప్రభుత్వ వ్యవస్థలో పనిచేసే అధికారి అంటే నిద్రపోయినవాడు, లేదా అమ్ముడుపోయినవాడు. మేలుకుని ఉన్న అధికారి కూడా ఉంటాడన్నది ఆ పిల్లలకు మీరు చెబితే తప్ప తెలిసే దారి లేదు.

ప్రశ్న: అమెరికావాళ్లు తమ పతనం మీద ఇన్ని సినిమాలు తీసుకున్నారు. మన దగ్గర 2010లో సూక్ష్మరుణాల వ్యవహారంలో అంత గొడవ జరిగితే, తెలుగులో అలాంటి సినిమా ఎందుకు గుర్తుకు రాదు? వస్తే మన రాజకీయ ఆలోచన మారేదా?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: మీరు సరైన పోలికే పట్టుకున్నారు. ఆ కాలంలో దేశంలో సూక్ష్మరుణాలు అన్నిటికంటే ఎక్కువగా పంచిన రాష్ట్రం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. ఒకే మహిళకు మూడు నాలుగు సంస్థలు అప్పులు ఇచ్చాయి, వసూళ్ల ఒత్తిడి తట్టుకోలేక ఆత్మహత్యలు జరిగాయన్న వార్తలు వచ్చాయి. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి వారం వారం వసూళ్లను ఆపించి, నెలవారీ వసూళ్లకే అనుమతి ఇచ్చింది. ఆ తరువాత రాష్ట్రంలో వసూళ్లు దాదాపు నిలిచిపోయాయి. సంస్థల అత్యాశే కారణమని ఒకరు, ప్రభుత్వం జోక్యం చేసుకోవడం వల్లే పేదలకు అప్పు పుట్టకుండా పోయిందని ఇంకొకరు ఈ రోజుకూ వాదిస్తారు. నల్లకుంట పెద్దాయన ఇంట్లోని వాదన, పేర్లు మార్చితే, ఇదే.

సినిమా ఎందుకు రాలేదంటే, నాకు తోచిన కారణం ఒకటే చెబుతాను. అమెరికా సినిమాల్లో కథానాయకులు ఎక్కువగా పతనాన్ని ముందే కనిపెట్టిన తెలివైన మగవారు, లేదా దాని నుంచి లాభపడినవారు. మన కథలో అలాంటి కథానాయకుడు లేడు. అప్పు తీసుకున్నవారు ఆడవారు, వసూలుకు వచ్చిన కుర్రాడు పక్క మండలం నుంచి బైకు మీద వచ్చిన డిగ్రీ చదివిన నిరుద్యోగి. ఆ ఏడాది వేసవిలో నేను సిద్దిపేట దగ్గర ఒక ఊరిలో అలాంటి సమావేశం చూశాను. ఉదయం ఏడు గంటలకు వేపచెట్టు కింద చాప మీద ఐదుగురు చొప్పున వరుసలుగా కూర్చున్నారు. ఒక వరుసలో ఒకామె రాలేదు. ఆమె రాకపోతే ఆమె కంతు మిగతా నలుగురూ కట్టాలి. కుర్రాడు గట్టిగా ఒక్క మాట అనలేదు, గొడవ చేయలేదు, పుస్తకం తెరిచి పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. ఎండ ఎక్కుతోంది, కూలికి పోవలసిన వేళ దాటిపోతోంది. చివరికి ఆ నలుగురిలో ఒకామె లేచి, రానామె ఇంటి వైపు నడిచింది. మిగిలిన ముగ్గురూ తలవంచుకుని కూర్చున్నారు.

ఆ సినిమా వస్తే ప్రేక్షకుడు ఎవరిని తప్పుపడతాడన్నది, ఆ లేచి వెళ్లినామె వెంట కెమెరా నడుస్తుందా, పుస్తకం తెరిచి కూర్చున్న కుర్రాడి దగ్గరే ఆగుతుందా, లేక అతనికి ఆ వారం లక్ష్యం నిర్ణయించి పంపిన నగరంలోని కార్యాలయం దాకా పోతుందా అన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. నన్నడిగితే మూడు చోట్లకూ పోవాలి, ఆర్డినెన్స్ వచ్చాక ఆ ఊరి ఆడవారు మళ్లీ ఎవరి దగ్గర, ఎంత వడ్డీకి అప్పు తెచ్చుకున్నారో కూడా చూపాలి.